డాలస్ నుంచి దిగిన 'ప్రేమ హార్మోన్' స్ప్రే: వాడి చూసి, లెక్క కట్టి రాసిన రివ్యూ

ముందే చెప్తున్నా, ఐదుకి ఒక్క స్టార్. ఆ ఒక్కటీ సీసాకి. పంపు బాగుంది, కారదు, మూత గట్టిగా పడుతుంది. లోపల ఉన్నదానికి మార్కులు వేయాలంటే ముందు లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

సరుకు ఏమిటంటే 'ప్రేమ హార్మోన్' అని పేరుపడ్డ ఆక్సిటోసిన్ ముక్కు స్ప్రే, నలభై డాలర్ల లోపు ధర. డాలస్‌లో ఉండే మా మరిది ఆన్‌లైన్‌లో కొని, రెండు సీసాలు సూట్‌కేస్‌లో వేసుకుని వచ్చాడు. ఒకటి తను వాడుతున్నది, ఇంకోటి సీలు తీయనిది. "వదినా, నువ్వు ఫార్మసీ చదివావు కదా, ఇది చూసి చెప్పు, పనిచేస్తే అమ్మకి కూడా తెప్పిస్తా" అన్నాడు. మా అత్తగారికి ఎవరి మీద ఏ రకమైన నమ్మకం పెంచాలని వాడి ఉద్దేశమో నేను అడగలేదు. కంపెనీ పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇదే సరుకు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, ఒకళ్ల పేరు రాస్తే మిగతావాళ్లు మంచివాళ్లనుకుంటారు.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. ఆక్సిటోసిన్ నాకు ఇంటర్నెట్‌లో పరిచయమైన పేరు కాదు, కాన్పు కాగానే రక్తస్రావం ఆపడానికి లేబర్ రూమ్‌కి రోజూ వెళ్లే సూదిమందు ఆంపూల్. అందుకే ఈ డబ్బా చూడగానే కొంచెం కోపం కూడా వచ్చింది, దాని సంగతి తర్వాత.

డబ్బా ముందు వైపు నమ్మకం, అనుబంధం, ప్రశాంతత అని మూడు పెద్ద మాటలు. వెనక వైపు, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో అసలు సంగతి: హోమియో పద్ధతిలో 12ఎక్స్ దాకా పలచబరిచిన ఆక్సిటోసిన్, నీళ్లు, ఉప్పు, పాడవకుండా కలిపే ఓ రసాయనం. 12ఎక్స్ అంటే పదింట ఒక వంతు చొప్పున పన్నెండుసార్లు పలచన చేశారన్నమాట. లక్ష కోట్ల భాగాల్లో ఒక భాగం. పరిశోధనల్లో మనుషుల ముక్కులో కొట్టే మోతాదు ఎక్కువగా 24 యూనిట్లు, అంటే సుమారు 40 మైక్రోగ్రాములు. ఈ పంపు ఒకసారి నొక్కితే పదో వంతు మిల్లీలీటరు వస్తుందనుకుందాం, మొదట కలిపింది స్వచ్ఛమైన హార్మోనేనని కంపెనీకి అనుకూలంగానే లెక్క వేద్దాం. ఆ 40 మైక్రోగ్రాములు ముక్కులోకి వెళ్లాలంటే దాదాపు 40 కోట్లసార్లు నొక్కాలి. 30 మిల్లీలీటర్ల సీసాలో వచ్చేవి మూడొందల నొక్కులు.

ఇంకో సంగతి. మా దగ్గరికి వచ్చే ఆక్సిటోసిన్ ఆంపూల్స్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెట్టాలి, పెట్టకపోతే పవర్ తగ్గిపోతుంది, తగ్గితే ఏమవుతుందో లేబర్ రూమ్‌లో వాళ్లని అడగండి. ఈ సీసా మీద మాత్రం "పొడిగా ఉండే చోట ఉంచండి" అని రాసుంది. గోడౌన్లు, విమానాలు, మన ఎండలు అన్నీ దాటొచ్చి కూడా ఇది చెడిపోలేదంటే, చెడిపోవడానికి అందులో ఏమీ లేదనే అర్థం.

అయినా రివ్యూ అన్నాక వాడాలి కదా, వాడాను. ఉప్పునీళ్లకి భయపడేదేముంది. ముక్కు చల్లబడింది, గొంతులోకి కాస్త ఉప్పగా దిగింది, జలుబు చేసినప్పుడు వాడే సెలైన్ డ్రాప్స్ వేసుకున్నట్టే ఉంది. మా ఆయన మీద ప్రేమ పెరగలేదు, తగ్గనూ లేదు. పక్కింటివాళ్ల పార్కింగ్ విషయంలో నా అభిప్రాయం కూడా మారలేదు.

మా మరిది మాత్రం పనిచేస్తోందనే అంటాడు. గృహప్రవేశంలో అందరితో కలిసిపోయాడట, పెదనాన్నల పిల్లలతో అర్ధరాత్రి దాకా కబుర్లట, అక్కడ డాలస్‌లో అయితే పార్టీలకి వెళ్లినా ఫోన్ చూసుకుంటూ మూల కూర్చునేవాడట. ఒరేయ్, ఏళ్ల తర్వాత ఇంటికొచ్చావు, అమ్మ వండి పెడుతోంది, చిన్నప్పుడు నీతో మామిడికాయలు కొట్టినవాళ్లు చుట్టూ ఉన్నారు, ఆఫీస్ కాల్స్ లేవు. ఇందులో స్ప్రే వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? తెలియాలంటే నీకూ తెలియకుండా, ఇచ్చేవాళ్లకీ తెలియకుండా, కొన్నిసార్లు అసలు సీసా కొన్నిసార్లు ఉత్త నీళ్ల సీసా ఇచ్చి చూడాలి. ఇక్కడైతే రెండూ నీళ్లే కాబట్టి ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బాలో పెట్టిన కరపత్రం సంగతి. నాకు అసలు కోపం దీని మీద. అందులో "శాస్త్రవేత్తలు నిరూపించారు" అని ఒక పరిశోధన గురించి రాశారు. అది నిజంగా జరిగిన పరిశోధనే, 2005లో నేచర్ పత్రికలో వచ్చింది, జూరిక్ విశ్వవిద్యాలయంలో చేశారు, కోస్‌ఫెల్డ్, హైన్రిక్స్, జాక్, ఫిష్‌బాకర్, ఫేర్ అనే ఐదుగురి పేర్లున్నాయి. అందులో ఏం చేశారంటే, మగ విద్యార్థుల్ని జంటలుగా విడదీసి డబ్బుతో ఒక ఆట ఆడించారు. ఇద్దరికీ చెరో 12 పాయింట్లు. మొదటివాడు అందులోంచి సున్నా, నాలుగు, ఎనిమిది, లేదా మొత్తం పన్నెండూ రెండోవాడికి పంపొచ్చు. పంపింది మూడింతలవుతుంది. రెండోవాడు అందులోంచి ఎంత వెనక్కిస్తాడో వాడిష్టం, అసలు ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. మన దగ్గర ఊళ్లో రాతకోతలు లేకుండా నడిచే చిట్టీలో డబ్బు కట్టినట్టే అనుకోండి, అవతలివాడు మంచోడైతే లాభం, కాకపోతే రాత్రికి రాత్రి తాళం. ఆక్సిటోసిన్ కొట్టుకున్న 29 మందిలో 13 మంది ఉన్నదంతా పంపేశారు, మందు లేని ఉత్త స్ప్రే కొట్టుకున్న 29 మందిలో ఆరుగురే పంపారు. అవతల మనిషి కాకుండా కంప్యూటర్ లాటరీలా ఫలితం తేల్చే ఆట పెడితే మాత్రం రెండు గుంపుల మధ్యా తేడా రాలేదు. అంటే ఇది ఉత్త తెగింపు కాదు, మనిషి మీద నమ్మకమే పెరిగింది అన్నారు. ప్రయోగం తెలివైనదే, ఒప్పుకోవాలి. పేపర్లన్నీ 'నమ్మకం హార్మోన్' అని రాశాయి, ఆ ఐదుగురిలో ఒకరైన పాల్ జాక్ 2011లో టెడ్ అనే ప్రసంగాల వేదికెక్కి రోజుకి ఎనిమిది కౌగిలింతలు అని ప్రిస్క్రిప్షన్ కూడా ఇచ్చాడు, అమెరికాలో చొక్కా మీద చల్లుకునే ఆక్సిటోసిన్ సీసాలు కూడా అమ్మారు, అవతలివాళ్లు వాసన చూసి మనల్ని నమ్మేస్తారని. చూశారా, 29 మంది విద్యార్థుల నుంచి ఎక్కడిదాకా వెళ్లిందో.

కరపత్రంలో లేని ముక్క ఇది. 2020లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేశారు, ఈసారి 677 మందితో, ఎలా చేస్తామో ఎలా లెక్కిస్తామో ముందే రాసి రిజిస్టర్ చేసి మరీ. నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో వచ్చింది. మొత్తం మీద ఆక్సిటోసిన్ వల్ల నమ్మకం పెరగలేదు. ఆ పరిశోధన చేసినవాళ్లలో ఎర్న్‌స్ట్ ఫేర్ కూడా ఉన్నాడు, అంటే 2005 నాటి ఐదుగురిలో ఒకడు. తన పేరు మోగించిన ఫలితాన్ని తనే పదింతల మందితో మళ్లీ పరీక్షించి, రాలేదని ప్రచురించడానికి దమ్ముండాలి, ఆయనకి దండం. ఈ కంపెనీవాళ్లు మాత్రం మొదటి సగం ముద్రించి రెండో సగం వదిలేశారు.

అసలు ముక్కులో కొట్టింది మెదడుకి చేరుతుందా అనేది ఇంకో పేచీ. ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రొటీన్ ముక్క లాంటిది. మింగితే పొట్టలో అరిగిపోతుంది, అందుకే ఈ స్ప్రేలు. రక్తంలోకి ఎక్కిస్తే నిమిషాల్లో విరిగిపోతుంది, పైగా రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని దాదాపుగా దాటనివ్వదు. ముక్కు నుంచి దొడ్డిదారిన పోతుందని పరిశోధకుల ఆశ. గారెత్ లెంగ్, మైక్ లుడ్విగ్ అని ఎడిన్‌బరోలో ఈ హార్మోన్ మీదే ఏళ్లుగా పనిచేసినవాళ్లు 2016లో గట్టిగా రాశారు, ముక్కులో కొట్టిన దాంట్లో మెదడు ద్రవానికి చేరేది అతి స్వల్పం, రక్తంలోకి పోయేది మాత్రం మామూలుగా ఉండేదానికంటే చాలా ఎక్కువ అని. అసలు మోతాదు కొట్టిన చోటే ఈ గొడవ ఉంటే లక్ష కోట్ల వంతు గురించి మనం మాట్లాడుకోవడమేమిటి.

ఇంత చదివి "అయితే ఆక్సిటోసిన్ అంతా బోగస్సా" అంటారేమో. కాదు, హార్మోన్ బంగారం. గేదెల్ని పెంచిన ఇంట్లో పుట్టినవాళ్లకి దీని పని పుస్తకం అక్కర్లేకుండా తెలుసు. దూడని విడిచి రెండు గుక్కలు తాగనిస్తేనే గేదె చేపుతుంది. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు, గేదె దాన్ని నాకి వాసన చూసి పాలిచ్చేది. పొదుగు దగ్గర తగిలిన స్పర్శ నరాల గుండా మెదడులో హైపోథాలమస్‌కి చేరుతుంది, అక్కడ తయారైన ఆక్సిటోసిన్ పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి విడుదలవుతుంది, పొదుగులో పాలసంచుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని పాలు దిగుతాయి. బాలింతకి పక్క గదిలో పిల్ల ఏడిస్తే చాలు జాకెట్ తడిసేది కూడా ఇందుకే. అదే గేదెని కొత్తవాళ్లు పితకబోయినా, కుక్క అరిచి బెదిరించినా చేపు ఆగిపోతుంది. నమ్మకం, భయం, స్పర్శ, ఎవరి వాసన అనే లెక్కలన్నీ ఈ హార్మోన్‌తో ముడిపడే ఉన్నాయి, కాకపోతే అవి సీసాలోంచి రావు, ఎదురుగా ఉన్నవాళ్ల నుంచి వస్తాయి.

పరిశోధనలు చెప్పేదీ దాదాపు ఇదే. అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అని ఎలుక లాంటి ప్రాణి ఒకటుంది, జత కడితే చాలావరకు ఆ జతతోనే బతుకుతుంది, పిల్లల్ని ఇద్దరూ పెంచుతారు. దాని దగ్గరి చుట్టాలైన కొండ వోల్స్‌కి ఆ అలవాటు లేదు. స్యూ కార్టర్, టామ్ ఇన్సెల్, లారీ యంగ్ లాంటివాళ్లు చూపించిందేమిటంటే, ప్రెయిరీ వోల్ మెదడులో సుఖం, బహుమతి లెక్కలు చూసే భాగాల్లో ఆక్సిటోసిన్ గ్రాహకాలు, అంటే హార్మోన్ వచ్చి అతుక్కునే చోట్లు, ఎక్కువ, వాటిని మందుతో మూసేస్తే జత కట్టడం దెబ్బతింటుంది. ఇక్కడితో కథ సుఖాంతం అనుకున్నారు. 2023లో దేవానంద్ మనోలీ, నిరావ్ షా బృందాలు జన్యువునే కత్తిరించి, పుట్టుకతోనే ఆ గ్రాహకం లేని వోల్స్‌ని తయారు చేశాయి. అవి కూడా జతలు కట్టాయి! పిల్లల్ని కని పెంచాయి కూడా, పాలు తక్కువై కొన్ని పిల్లలు బతకలేదు కానీ. ప్రేమ మొత్తానికి ఒకటే స్విచ్చు ఉంటుందనుకున్నవాళ్లకి ఇది చెంపపెట్టు. ఎలుక ప్రేమే ఒక్క హార్మోన్‌కి లొంగకపోతే మా అత్తగారు లొంగుతారా.

మనుషుల మెదడు ఫొటోలు చూస్తే ఇంకా తికమక. అమిగ్డలా అని, ప్రమాదాన్ని పసిగట్టే భాగం. 2005లో 15 మంది మగవాళ్లకి ఆక్సిటోసిన్ కొట్టి భయపెట్టే బొమ్మలు చూపిస్తే అమిగ్డలా చురుకు తగ్గింది. ఆహా భయం పోగొడుతుంది అన్నారు. 2010లో ఆడవాళ్ల మీద ఇలాంటిదే చేస్తే భయపడుతున్న ముఖాలు చూసినప్పుడు చురుకు పెరిగింది. డబ్బా మీద 'ప్రశాంతత' అని రాసినవాళ్లు ఆడవాళ్లకి వేరే డబ్బా వేయాలి మరి.

ఇంకా కొన్ని ఫలితాలున్నాయి, ఇవి ఏ అమ్మకందారూ చెప్పడు. 2009లో ఇజ్రాయెల్‌లో సిమోన్ షమాయ్-సూరి బృందం డబ్బు ఆట ఆడిస్తే, ఆక్సిటోసిన్ కొట్టుకున్నవాళ్లకి అవతలివాడు ఎక్కువ గెలిచినప్పుడు కుళ్లు పెరిగింది, తాము గెలిచి వాడు ఓడినప్పుడు లోలోపలి సంతోషమూ పెరిగింది. 2011లో నెదర్లాండ్స్‌లో కార్స్‌టెన్ డి డ్రూ బృందం డచ్ మగవాళ్ల మీద చేసిన పనిలో, తమ వాళ్ల మీద పక్షపాతం పెరిగింది, కొన్నిచోట్ల బయటివాళ్ల మీద చులకన కూడా కనిపించింది. ఇవీ చిన్న ప్రయోగాలే, 2005 నాటి దాన్ని అనుమానించినట్టే వీటినీ అనుమానించాలి, నాకు నచ్చిన ఫలితాలని నెత్తిన పెట్టుకుంటే కంపెనీవాళ్లకీ నాకూ తేడా ఏముంది. కానీ అన్నీ కలిపి చూస్తే పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా అనే మాట ఏమిటంటే, ఇది ప్రేమనే పుట్టిస్తుందని కాదు, ఎదుటి మనుషుల నుంచి వచ్చే సంకేతాల మీద మెదడుకి పట్టింపు పెంచుతుందని. ఎదుట ఉన్నది అమ్మయితే ఒకలా, ఆస్తి తగాదా ఉన్న బాబాయి అయితే ఇంకోలా. ఇలాంటిదాన్ని గృహప్రవేశానికి ముందు అందరి ముక్కుల్లో కొడితే ఏమయ్యేదో ఊహించుకోండి. నీళ్లు కావడమే మంచిదైంది.

నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట. ఈ స్ప్రేలని ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకి కూడా చూపిస్తున్నారు, నా దగ్గరికి వచ్చి అడిగినవాళ్లున్నారు. అసలైన మోతాదుతో, అసలైన మందుతో అమెరికాలో పెద్ద పరీక్ష జరిగింది, 3 నుంచి 17 ఏళ్ల మధ్య 290 మంది పిల్లలు, రోజూ స్ప్రే, 24 వారాలు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వచ్చింది: నలుగురితో కలవడంలో ఉత్త స్ప్రే కొట్టిన పిల్లలకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి థెరపీ ఫీజు ఆపి ఇలాంటి సీసా కొందామనుకుంటున్న అమ్మానాన్నలు దయచేసి కొనకండి, ఆ డబ్బు థెరపిస్టుకే ఇవ్వండి.

కోపం వచ్చిందన్నాను కదా, ఎందుకంటే ఈ మందు నిజంగా ప్రాణాలు కాపాడేది. ఆక్సిటోసిన్ నిర్మాణం కనిపెట్టి ల్యాబులో తయారు చేసినందుకు విన్సెంట్ డు విన్యోకి 1955లో నోబెల్ వచ్చింది. ఈరోజు కాన్పు కాగానే తల్లికి 10 యూనిట్లు ఇస్తారు, గర్భసంచి బిగుసుకుని రక్తస్రావం ఆగుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతే. అలాంటి మందుకి మన దేశంలో పట్టిన గతి చూడండి. కొంతమంది పాలవాళ్లు దూడతో పనిలేకుండా గేదెకి సూది వేసి పిండుకోవడం మొదలుపెట్టారు, పశువు ఆరోగ్యం దెబ్బతినేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారమే నేరం. దీన్ని ఆపాలని కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీలు మన దేశంలో వాడకానికి ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని, కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కటే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. కాన్పుల వార్డులకి మందు అందకపోతే ఎలా అని గొడవైంది. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు కొట్టేసింది, తర్వాత కేసు సుప్రీంకోర్టుకెక్కింది. గేదెకి దొంగచాటుగా పొడిచే సూదికీ బాలింతని బతికించే సూదికీ మధ్య ఇంత పెనుగులాట జరిగితే, అమెరికాలో దాని పేరు నీళ్ల సీసా మీద అంటించి టెన్షన్ తగ్గిస్తుందని అమ్ముకుంటున్నారు.

కొనాలనే పట్టుదల ఉన్నవాళ్లకి జాగ్రత్తలు రెండు. ఇలాంటి హోమియో సీసాలు కాక, అమెరికాలో డాక్టర్ చీటీ మీద ఫార్మసీలు కలిపి ఇచ్చే అసలు ఆక్సిటోసిన్ స్ప్రేలు కూడా ఉన్నాయి, అవి నీళ్లు కావు, సరదాకి ముట్టుకోకండి. గర్భవతులు అసలే వద్దు, గర్భసంచిని బిగించడమే దాని పని. మోతాదు మితిమీరితే ఒంట్లో నీరు నిలిచి సోడియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది, ఎందుకంటే నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌కి ఇది కవల లాంటి అణువు.

రిటర్న్ విషయం: సీలు తీసిన సీసా వెనక్కి తీసుకోరు, సీలు తీయనిది తీసుకుంటారు కానీ కొరియర్ ఖర్చు మనదే. మా మరిది రెండోది పట్టుకెళ్లాడు, పంపిస్తానన్నాడు. ఇక్కడ కొందామనుకునేవాళ్లకి చెప్పేదేమిటంటే, ఆక్సిటోసిన్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. చీటీ అడక్కుండా ఇచ్చే షాపు మీకు తెలిస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి.